రెండుసార్లు కట్టిన బీమా రెట్టింపు రక్షణ కాదు



నెల్లూరు కోస్తాలో వరిసాగు ఈశాన్య ఋతుపవనములను నమ్ముకొని యున్నది. చిట్టమూరు, కోట, వాకాడు ప్రాంతములలో నాట్లు పడు కాలమును, వాయుగుండములు వచ్చు కాలమును ఒకటే. చెరువు నిండినదని సంతోషించులోగా నారుమడి మునిగిపోవుట ఈ సీమ రైతునకు క్రొత్త గాదు. కావున పంటల బీమా అవసరమని వేరుగ చెప్పనక్కరలేదు. ఇచ్చట చెప్పదలచినది బీమా చేయని వారిని గురించి కాదు. ఒకే పంటకు రెండుసార్లు సొమ్ము కట్టి ఊరకున్న వారిని గురించి.

ఇది ఎట్లు జరుగుచున్నది? మన రాష్ట్రములో 2019 నుండి కొన్ని సంవత్సరములు రైతు వాటా ప్రీమియమును ప్రభుత్వమే భరించినది. 2024-25 రబీ నుండి ఆ వాటాను రైతే చెల్లింపవలసి వచ్చినది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన క్రింద ఆ వాటా బీమా మొత్తముపై ఆహారధాన్యములకు రబీలో నూటికి 1.50 రూపాయలు, ఖరీఫులో 2 రూపాయలు. 2020 ఖరీఫు నుండి అప్పు తీసికొన్న రైతునకు కూడ ఈ బీమా ఐచ్ఛికమే. కాని తనకు వద్దని గడువునకు 7 దినములు ముందుగ వ్రాసి ఇయ్యనిచో, బ్యాంకువారు పంట రుణపు ఖాతా నుండి ప్రీమియమును మినహాయింతురు. ఆ సంగతి ఎరుగని రైతు అదే సర్వే నంబరునకు కామన్ సర్వీస్ సెంటరులో మరల కట్టును. ఒకే పొలముపై సొసైటీలో ఒక అప్పు, బ్యాంకులో మరియొక అప్పు ఉన్నచో రెండు చోట్లను మినహాయింపు జరుగవచ్చును. భూమి యజమాని ఖాతాలో ఒకసారి, కౌలుదారు పేర ఒకసారి పడుటయు కలదు.

లెక్క చూడుడు. ఎకరమునకు బీమా మొత్తము 40,000 రూపాయలనుకొందము. రబీ వరికి ప్రీమియము 600 రూపాయలగును. అయిదెకరముల రైతు 3,000 కట్టవలసిన చోట 6,000 కట్టినాడు. అధికముగ పోయిన 3,000తో, బస్తా 266 రూపాయల 50 పైసల ధరకు 11 బస్తాల యూరియా వచ్చును.

"పోనీ, రెండు ఉన్నచో మంచిదే గదా! ఏదో ఒకటి వచ్చును" అని కొందరనుచున్నారు. ఇది ప్రమాదకరమైన ఆలోచన. బీమా నష్టమును పూడ్చుటకే గాని లాభము నిచ్చుటకు గాదు. ఒకే భూమికి, ఒకే పంటకు రెండు బీమాలున్నట్లు తేలినచో, పరిహారమును త్రోసిపుచ్చుటకును, ప్రీమియమును తిరిగి ఇయ్యకుండుటకును పథకపు మార్గదర్శక సూత్రములు కంపెనీకి హక్కు నిచ్చినవి. కొండనాలుకకు మందు వేయబోగా ఉన్న నాలుక ఊడినట్లగును. కాబట్టి సరిదిద్దుమని అడుగుట 3,000 రూపాయల కొరకు మాత్రమే గాదు. పంట పోయిన నాడు రావలసిన పరిహారమంతటి కొరకు.

చేయవలసిన పని ఇది. గడువు ముగియకముందే పాసుపుస్తకములో పద్దులు వేయించి, ప్రీమియము మినహాయించిరో లేదో చూచుకొనుడు. ఆ పద్దును కేంద్రములో ఇచ్చిన రశీదుతోను, ఈ-పంట నమోదుతోను సరిపోల్చుడు. సర్వే నంబరు, విస్తీర్ణము, పంట పేరు మూడును కలియవలెను. రెండు కోతలు కనబడినచో, ఏది ఉంచవలెనో, ఏది రద్దు చేసి సొమ్ము తిరిగి ఇయ్యవలెనో స్పష్టముగ వ్రాసి, రెండవ సొమ్ము పుచ్చుకొన్న చోటనే అర్జీ ఇయ్యుడు. నోటి మాట చాలదు. నకలుపై తేదీతో ముద్ర వేయించుకొనుడు. 14447 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనుడు. బ్యాంకు నుండి 30 దినములలో సమాధానము రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. దానికి రుసుము లేదు.

వరి అని బీమా చేసి, నీరు చాలక వేరు పంట వేయు రైతులు ఆ మార్పును గడువునకు కనీసము 2 పనిదినములు ముందుగ తెలుపవలెను. ప్రీమియము ఎక్కువ కట్టియున్నచో అధికమును కంపెనీ తిరిగి ఇయ్యవలెను. తక్కువైనచో తేడాను రైతు కట్టవలెను.

ఇటువంటి పొరపాటు మరియొక చోట కూడ జరుగుచున్నది. జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు ఏటేట మే నెలాఖరున ఖాతా నుండి పోవును. మూడు బ్యాంకులలో ఖాతాలుండి, మూడింటను అంగీకార పత్రము ఇచ్చిన వారికి మూడుసార్లు పోవును. కాని జీవన్ జ్యోతిలో ఒక మనిషికి లభించునది 2 లక్షలే. అదనపు ప్రీమియము జప్తునకు లోబడునని నిబంధన. కనుక మే నెల రాకమునుపే ఒక ఖాతా నుంచుకొని తక్కిన బ్యాంకులలో కోత నిలుపుమని వ్రాసి ఇయ్యుడు. ఉంచుకొన్న ఖాతా ఏదో ఇంట్లో వారికి తెలిపియుంచుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. అడుగలేదు గనుక ఇయ్యలేదనుట సరియైన సమాధానము గాదని నా అభిప్రాయము. బ్యాంకు జాబితా, కేంద్రపు జాబితా, ఈ-పంట జాబితా మూడును ప్రక్కప్రక్కన పెట్టినచో, రెండుసార్లు వచ్చిన సర్వే నంబర్లు ఒక పూటలో తేలును. గడువునకు వారము ముందు రైతు సేవా కేంద్రములో ఆ నంబర్లను చదివి వినిపించినచో, కౌలుదారు, యజమాని అక్కడికక్కడే తేల్చుకొందురు. పంటపై నష్టము భరించువాడు కౌలుదారుడైనప్పుడు బీమా అతని పేర నుండుటయే న్యాయము. పంట మునిగిన తరువాత ఈ తగవు తీర్చుట ఎవరి తరము గాదు.

సోదరులారా, అధికముగ కట్టిన సొమ్మును అడుగుట యాచన గాదు, చిన్నతనమును గాదు. ధాన్యము కాటాలో ఒక కిలో తేడా వచ్చినను మనము ఊరకుండము. బ్యాంకు పద్దు విషయములోను అంతటి శ్రద్ధ వహింపుడు. ఈ వారములోనే పాసుపుస్తకము తీసికొని వెళ్లుడు.