గెలిచి పోగొట్టుకున్న గద్దె

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడట. దేశాల మధ్య యుద్ధాలకూ ఈ సామెత సరిపోతుంది. కావాలంటే బ్రిటన్‌నే చూడండి. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ గెలిచింది. ప్రపంచ పెత్తనాన్ని మాత్రం పోగొట్టుకుంది!

ఇందులో వింతేమీ లేదన్నారు అమెరికా సామాజికవేత్త ఇమాన్యుయెల్ వాలర్‌స్టీన్. 1974 నుంచి సంపుటాలుగా వచ్చిన 'ఆధునిక ప్రపంచ వ్యవస్థ' ఆయనకు పేరు తెచ్చింది. ఆయన లెక్కలో ప్రపంచమంతా ఒకే సంత. నడిమధ్యన సంపన్న దేశాలు... అంచున ముడిసరుకూ చౌక శ్రమా అందించే దేశాలు... రెంటికీ నడుమ మరికొన్ని. నడిమధ్యనున్న వాటిలో అరుదుగా ఒకటి అందరినీ మించిపోతుంది. 17వ శతాబ్దంలో హాలెండ్, 19లో బ్రిటన్, 20లో అమెరికా. ప్రతిసారీ గద్దెకు ముందు ఓ సుదీర్ఘ యుద్ధం: 1618-48, 1792-1815, 1914-45.

మరి యుద్ధంలో గద్దె ఎలా మారుతుంది? తుపాకులతో కంటే ఖాతా పుస్తకాలతో! 1914కు ముందు అమెరికా యూరప్‌కు బాకీపడ్డ దేశం. ఆ యుద్ధం ముగిసేసరికి యూరప్‌కే అప్పులిచ్చింది. 1944 జులైలో బ్రెటన్‌వుడ్స్‌లో 44 దేశాలు సమావేశమై డాలరును బంగారానికి, మిగతా కరెన్సీలను డాలరుకు ముడిపెట్టాయి. మరుసటేడు బ్రిటన్ అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్ల అప్పు కుదుర్చుకుంది. దాని చివరి వాయిదా కట్టింది ఎప్పుడో తెలుసా? 2006 డిసెంబరులో!

ఆ అప్పుల బలమేంటో 1956లో తేలింది. నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేయడంతో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ఈజిప్టుపై దాడి చేశాయి. రణరంగంలో వాటిదే పైచేయి. కానీ పౌండు కుంగిపోతున్నా అమెరికా ఆదుకోలేదు, ఐఎంఎఫ్ నుంచీ సొమ్ము రానివ్వలేదు. బ్రిటన్ తోకముడిచింది.

అయితే అప్పిచ్చినవాడిదే పెత్తనమా? అలాగైతే మనమూ గద్దెకు దగ్గర్లో ఉండాల్సింది. ఎందుకంటే రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు బాకీ... సుమారు 130 కోట్ల పౌండ్లు! సైన్యానికి కావలసిన సరుకులు ఇక్కడ తీసుకుని, ఆ సొమ్మును లండన్‌లో మన పేరిట పౌండ్లలో జమ రాసుకున్నారు. ఆ జమ చూపించి ఇక్కడ రూపాయలు అచ్చేశారు. ధరలు మండిపోయాయి. 1943 బెంగాల్ కరవుకు ఆ ధరలూ ఓ కారణం. లక్షలమంది చనిపోయారు. ఇంతా చేసి, మన బాకీ మనకు ఒక్కసారిగా చేతికి రాలేదు. స్వాతంత్ర్యం వచ్చాక బేరసారాలాడి, విడతలవారీగా తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇద్దరూ అప్పిచ్చినవారే. అమెరికా తన షరతులతో, తన డాలర్లలో ఇచ్చింది. మనం అడగకుండానే, వాళ్ల పౌండ్లలో ఇచ్చాం. నడిమధ్యకూ అంచుకూ తేడా అదే.

అమెరికాకూ యుద్ధం సెగ తగలకపోలేదు. వియత్నాం ఖర్చులు పెరిగి, 1971లో నిక్సన్ డాలరుకు బంగారంతో ఉన్న ముడి తెంచేశారు. పతనం అప్పుడే మొదలైందన్నారు వాలర్‌స్టీన్. నేడు అమెరికా ప్రపంచంలోకెల్లా పెద్ద బాకీదారు. అయినా తన అప్పు తన డాలర్లలోనే తీర్చగలుగుతోంది.

అందుకే ఎక్కడైనా యుద్ధం వస్తే ఎవరి ట్యాంకులు ఎంత ముందుకెళ్లాయన్నది ఒక్కటే చూడకండి. ఆ ఖర్చు ఎవరి కరెన్సీలో, ఎవరి షరతులపై జమవుతోందో కూడా చూడండి.