చెప్పకుండ బిడ్డను ఊరు దాటింపవలదు

బెంగళూరులోని తెలుగు సోదరీసోదరులారా,

ఉద్యోగార్థము వచ్చి ఈ నగరమున కాపురము పెట్టిన మన దంపతులలో కొందఱు విడిపోవుచున్నారన్నది దాచిన దాగని విషయము. అది తప్పా ఒప్పా యను చర్చకు ఇచట తావు లేదు. సిద్దయ్య రోడ్డులోని న్యాయదేగులమున కుటుంబ న్యాయస్థానమువారు బిడ్డ తల్లియొద్ద నుండవలెననియు, తండ్రి ప్రతి శనివారమును చూడవచ్చుననియు ఉత్తరువు వ్రాసిన పిమ్మట, తల్లికి హైదరాబాదునకో సింగపూరునకో బదిలీ యైనచో ఆ శనివారములు ఏమి కావలెనన్నదే ప్రశ్న.

జరుగుచున్నది మాత్రమిది. “పిల్లను తీసుకొని వచ్చేయమ్మా, తక్కినది తరువాత చూచుకొందము” అని పుట్టింటి పెద్దలందురు, బడిలో టి.సి. తీసుకొందురు, రాత్రి కాచిగూడ రైలెక్కుదురు. బొమ్మల పుస్తకము చేతబట్టుకొని వచ్చిన తండ్రికి తలుపునకు తాళము కనబడును. వాచ్‌మన్ చెప్పిన మాటయే అతనికందిన నోటీసు. బిడ్డ తండ్రియొద్దనున్న తావులందు తాళముముందు నిలుచునది తల్లి.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము, న్యాయస్థానము నియమించిన సంరక్షకుడు ఆ న్యాయస్థానపు అనుమతి లేనిదే బిడ్డను దాని పరిధి దాటింపరాదని 26వ సెక్షనున శాసించినది గాని, కన్నవారిరువురి నడుమ వారములుగా పంచబడు పెంపకమును ఆనాటివారు ఊహించియుండరు. పైగా 9వ సెక్షను ననుసరించి బిడ్డ సాధారణముగా నివసించు చోటనే అర్జీ వేయవలసియుండుటచే, ఊరు మాఱిన వెంటనే ఇది ఏ కోర్టు వ్యాజ్యమన్న వాదము పుట్టును. ఆ వాదము తెగులోపల బిడ్డ క్రొత్త బడికి అలవాటుపడును. తుదకు ఆ అలవాటే సాక్ష్యమై కూర్చుండును.

ఎవరిని గాని ఈ ఊరికి కట్టివేయుమని మేము కోరుట లేదు. ఆస్ట్రేలియాలో ఉద్యోగము గల తల్లి కుమారుని వెంట గొనిపోవుటకు 2010లోను, బెంగళూరునుండి సింగపూరునకు కదలిన తల్లికి 2020లోను సుప్రీంకోర్టు అనుమతి నొసగినది. రెండుమాఱులును తండ్రికి బిడ్డ దూరము గాకుండ ఏర్పాటు చేసినది. న్యాయమైన త్రోవ అదియే. లా కమిషను 2015లో తన 257వ నివేదికయందు ఊరుమార్పును గూర్చియు మార్గదర్శకములు సూచింపగా, పార్లమెంటు వానిని నేటికిని చట్టము చేయలేదు.

అందాక చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము 21వ సెక్షనున నియమములు చేయు అధికారము హైకోర్టునకు గలదు. బిడ్డ పెంపకమును గూర్చిన ప్రతి ఉత్తరువునందును ఊరుమార్పు షరతు నొకదానిని తొలినాడే వ్రాయించుట మా కోరిక: కదలదలచినవారు 60 దినములు ముందుగా స్పీడ్ పోస్టులో క్రొత్త చిరునామా, బడి, కారణము తెలుపవలెను; రెండవవారు అభ్యంతరపెట్టినచో ఆ గడువులోననే న్యాయమూర్తి తేల్చవలెను; పోయిన శనివారములకు బదులు సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు దక్కవలెను; ప్రయాణపు ఖర్చు స్తోమతు ననుసరించి పంచబడవలెను. కొట్టు భర్తనుండి పాఱిపోవు స్త్రీకి ఈ నోటీసు వర్తింపరాదు. ఆమె చిరునామా న్యాయమూర్తికి మాత్రమే తెలిసిన చాలును. ఉత్తరువున్న బిడ్డకు బడివారు ఒక్కరి సంతకముపై టి.సి. ఇయ్యరాదు.

న్యాయవాదులారా, మీ తరువాతి రాజీపత్రముననే ఈ షరతు చేర్చుడు. పెద్దలారా, కూతును గాని కొడుకును గాని బిడ్డతో వచ్చేయుమని పిలుచుటకు ముందు, అవతలివారికి చెప్పితివా యని అడుగుడు. హైకోర్టువారికి మేము సమర్పింపబోవు విజ్ఞాపనపై మీరెల్లరును సంతకము చేయ ప్రార్థన.