కడుపుతీపికీ హద్దుంది

ఎదిగిన కొడుకు కత్తి పట్టాడంటే చాలు, ‘కన్నవాళ్లు ఏం పెంచారు?’ అంటుంది ఊరు. షోలాపూర్ సాఖర్ పేటలోనైనా, అశోక్ చౌక్‌లోనైనా, విడీ ఘర్‌కుల్‌లోనైనా ఇదే మాట. కోర్టు తీర్పు చెప్పకముందే బజారు అమ్మానాన్నలకు శిక్ష వేసేస్తుంది.

చట్టం అలా అనదు. పద్దెనిమిదేళ్లు నిండినవాడి నేరం వాడిదే. కొడుకు హత్య చేశాడన్న ఒక్క కారణంతో తండ్రిని జైల్లో పెట్టే సెక్షన్ మన దేశంలో లేదు. కానీ ఆ తర్వాత కన్నవాళ్లు చేసే పనికి వాళ్లే జవాబుదారీ. నెత్తురంటిన చొక్కా ఉతికేయడం, రాత్రికి రాత్రి బస్సెక్కించి సిరిసిల్లలోనో కరీంనగర్‌లోనో చుట్టాలింట్లో దాచడం ప్రేమ కాదు, నేరం. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 238వ సెక్షన్ సాక్ష్యం మాయం చేసినవాళ్లకు, 249వ సెక్షన్ నేరస్తుణ్ణి దాచినవాళ్లకు శిక్ష చెబుతున్నాయి. దాచిన నేరంలో భార్యకో భర్తకో మినహాయింపు ఉంది. అమ్మానాన్నలకు లేదు. ఇంట్లో పెట్టుకున్న చుట్టాలకూ లేదు. ఈ సంగతి మన వాడల్లో ఎంతమందికి తెలుసు?

పుణే కల్యాణీ నగర్‌లో 2024 మే 19న పదిహేడేళ్ల కుర్రాడు నడిపిన కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. కొడుకు తాగలేదని చూపడానికి రక్తం నమూనా మార్పించారన్న ఆరోపణపై తల్లిదండ్రులిద్దరూ అరెస్టయ్యారు. అమెరికాలోని మిషిగన్‌లో 2021లో బడిలో నలుగురిని కాల్చి చంపిన కుర్రాడి తల్లిదండ్రులకు 2024లో 10 నుంచి 15 ఏళ్ల జైలు పడింది. వాళ్లే కొనిచ్చిన తుపాకిని జాగ్రత్తగా దాచలేదని. రెండుచోట్లా కొడుకులు మైనర్లే. అయినా కన్నవాళ్లను బోనెక్కించింది వాళ్ల సొంత చేతలే.

ఇక వాడ సంగతి. కొడుకు జైల్లో ఉంటే, పొద్దంతా బీడీలు చుట్టే తల్లి నల్లా దగ్గర తల దించుకోవాలా? చెల్లెలి సంబంధం చెడిపోవాలా? కులపెద్దలు కుటుంబాన్ని వెలివేస్తే మహారాష్ట్రలో అదే నేరం. 2017 నుంచి అమల్లో ఉన్న సామాజిక బహిష్కరణ నిరోధక చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

పెంపకంలో బాధ్యత లేదని కాదు. తండ్రి పవర్‌లూమ్ కార్ఖానాలో, తల్లి బీడీల చాట ముందు. కొడుకు ఎవరితో తిరుగుతున్నాడో, జేబులో డబ్బు ఎక్కడిదో అడిగే తీరిక దొరకడం కష్టమే. అయినా అడగాలి. పోగు తెగినప్పుడే అతకాలి, బట్ట నేశాక కాదు.

నేరం జరిగిపోతే కన్నవాళ్లకు మిగిలే దారి ఒక్కటే. కొడుకు చెయ్యి పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాలి. వకీలును పెట్టుకోవచ్చు, ములాఖాత్‌కు వెళ్లొచ్చు, ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ అవతల ఇంట్లోనూ ఒక తల్లి ఏడుస్తోంది. ఆమెకు కనీసం నిజమైనా దక్కాలి.