లారీలో సరుకులం కాదు, బస్సులో మనుషులం!



జులై 17 కారంచేడు. ఆగస్టు 6 చుండూరు. ఏప్రిల్ 14, డిసెంబరు 6 బాబాసాహెబ్ రోజులు. ఏడాదికి నాలుగుసార్లన్నా పల్లెంతా కదిలి పోవాల్సిన వాళ్లం మనం. మరి ఎందులో పోతున్నాం? వడ్ల బస్తాలు మోసే లారీలో. పేడెరువు తోలే ట్రాక్టరు ట్రక్కులో. చేపల పెట్టెలు దించి, నీచు నీళ్లు ఇంకా ఆరని ట్రాలీ ఆటోలో. ముసలమ్మని ఇద్దరు చంకల కింద చేతులేసి పైకి లాగాలి. ఆడపిల్ల ఒక చేత్తో కుచ్చెళ్లు పట్టుకుని టైరు మీద కాలేసి ఎక్కాలి. ఆత్మగౌరవం గురించి వినటానికి పోతూ, దాన్ని ఆ టైరు దగ్గరే వదిలేసి పోతున్నాం!

"బండి గురించి కూడా రాయాలా మాస్టారూ, భూమి సమస్య లేదా, కూలి సమస్య లేదా?" అంటారు కొందరు. ఉన్నాయి. ఆ సమస్యల మీద మాట్లాడటానికే కదా పోతున్నది. పోయినవాళ్లు ప్రాణాలతో తిరిగి రావద్దా?

ముందు చట్టం సంగతి చూద్దాం. లారీ, ట్రక్కు, ట్రాలీ ఆటో, ఇవన్నీ సరుకు బళ్లు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం వీటి ఇన్సూరెన్సు బండి పనివాళ్లకీ, సరుకు వెంట పోయే సరుకు యజమానికీ, అతని మనిషికీ వర్తిస్తుంది. సభకని ఎక్కిన మనిషికి వర్తించదు. ఛార్జీ ఇచ్చి ఎక్కినా, ఊరికే ఎక్కినా కంపెనీకి బాధ్యత లేదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ముందు కంపెనీ కట్టి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని కొన్ని కేసుల్లో కోర్టులు చెప్పిన మాట నిజమే. కానీ అది ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కితే వచ్చేది, వస్తుందన్న నమ్మకమూ లేనిది. అర్థమైందా? బస్తాల వెంట పోయే బస్తాల యజమానికి రక్షణ ఉంది. బస్తాల చోట కూర్చున్న మనకి లేదు!

2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వలిగొండ మండలంలో కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది పోయారు. ఎక్కువమంది పొలం పనికి పోతున్న ఆడకూలీలే. 2020 మేలో మన పక్కనే, ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిర్చి కోతల నుంచి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. మళ్లీ శవాలే. వాళ్లు సరదాకి ట్రాక్టరు ఎక్కలేదు, పొట్టకోసం ఎక్కారు. పనికి పోయే రోజు బండి ఎంచుకునే వీలు మనకి లేకపోవచ్చు. మన సభకి మనం పోయే రోజైనా ఎంచుకోవద్దా?

ఇక ఊరికే వచ్చే బళ్ల సంగతి. ఎలక్షన్లు రాగానే పల్లె ముందుకి లారీ వస్తుంది. తలకి ఇంత అని చేతిలో పెడతారు, పొట్లం ఇస్తారు, ఎండలో కూర్చోబెడతారు. నాయకుడు మాత్రం ఏసీ కారులో దిగుతాడు. లారీ పంపినవాడు మనుషుల్ని చూడడు, తలకాయలు లెక్కేసుకుంటాడు. ఎవడి బండెక్కితే వాడి పాట పాడాలని పెద్దలు ఊరికే అన్లేదు. మన సంఘాల పెద్దలకీ ఒక మాట. స్టేజీకి డబ్బుంటది, మైకుకి ఉంటది, నిలువెత్తు ఫ్లెక్సీకి ఉంటది. జనం కూర్చునే సీటుకి మాత్రం ఉండదేం?

సరే, సొంత డబ్బుతో బస్సు మాట్లాడదామని చీరాల టౌనుకి పోతే ఏమవుతుంది? "ఏ ఊరండీ?" అంటాడు. చెబుతాం. "ఊళ్లో ఎక్కడ?" అంటాడు. అదిగో, కులం అక్కడ కూర్చునుంది! ఆ తర్వాత మాట మారుతుంది. "పల్లెలోకి బండి రాదండీ, దారి సన్నం. మీరే మెయిన్ రోడ్డుకొచ్చి ఎక్కండి." అంతకన్నా సన్నపు సందులోకి ఊరి పెళ్లికి అదే బండి వెనక్కి నడుపుకుంటూ మరీ పోతుంది! మనకైతే మొత్తం డబ్బు ముందే కట్టాలి, బండి కడిగినందుకు వేరే ఇవ్వాలి. మా బడి పిల్లల్ని విహారయాత్రకి తీసుకుపోతే ఒక యజమాని సీటు కవర్లు పీకించి పంపాడు. అదే వారం ఊళ్లో పెళ్లికొచ్చిన అదే బండికి కవర్లు నిగనిగలాడుతున్నాయి. దీన్ని వ్యాపారం అంటారా, అంటరానితనం అంటారా?

ఇది కొత్తదేం కాదు. 1929లో బాబాసాహెబ్ చాలీస్‌గావ్ స్టేషన్లో దిగితే, అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలటానికి ఒక్క టాంగావాడూ ఒప్పుకోలేదు. బండి ఇస్తాం, తోలేవాణ్ణి మీరే చూసుకోండన్నారు. తోలటం రాని మనవాడు ఒకడు పగ్గాలు పట్టాడు. వంతెన దగ్గర చక్రం చిక్కుకుని బాబాసాహెబ్ కిందపడ్డాడు, కాలు విరిగింది. 1934లో 30 మంది దాకా సహచరులతో బస్సులూ కార్లూ వేసుకుని వేరుళ్ గుహలు చూడబోయాడు. దారిలో దౌలతాబాదు కోట చెరువులో కాళ్లు కడుక్కున్నందుకు అక్కడివాళ్లు తిరగబడ్డారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నాడు ఇవన్నీ. అంత చదివినవాడికే బండి దగ్గర కులం అడ్డొచ్చింది. అయినా ఆయన ప్రయాణం మానలేదు. మనమూ మానొద్దు. మానాల్సింది లారీని!

ఏం చేయాలి? రాసుకోండి.

ఒకటి. ముందు ఆర్టీసీ డిపోకి పోండి. పెళ్లిళ్లకీ యాత్రలకీ అక్కడ బస్సులు ఇస్తారు. డిపో మేనేజరుకి దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి, రశీదు తీసుకోండి. అక్కడ పల్లెకో రేటు, ఊరికో రేటు ఉండదు.

రెండు. ప్రైవేటు మినీబస్సో టెంపో ట్రావెలరో అయితే నంబరు ప్లేటు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటేనే కిరాయి బండి. తెల్ల ప్లేటు అయితే సొంత వాడకం బండి, కిరాయికి ఎక్కొద్దు. సెలవు రోజున కాలేజీ బస్సు చవగ్గా ఇస్తామంటారు. దాని పర్మిట్టు విద్యార్థుల్ని తిప్పటానికి. వేరే అనుమతి కాగితం చూపిస్తేనే ఎక్కండి.

మూడు. పర్మిట్టు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, డ్రైవరు లైసెన్సు, ఈ నాలుగూ చూడందే అడ్వాన్సు ఇవ్వొద్దు. చదువుకునే పిల్లల్ని వెంట తీసుకుపోండి. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఏ కాగితం ఎప్పటిదాకా ఉందో వాళ్లే చెబుతారు.

నాలుగు. కిలోమీటరుకి ఎంత, రోజుకి కనీసం ఎన్ని కిలోమీటర్లకి కట్టాలి, లెక్క షెడ్డు నుంచా పల్లె నుంచా, డ్రైవరు బత్తా, టోల్‌గేటు, పార్కింగు ఎవరివి, తెలంగాణలోకి పోతే అక్కడి పన్ను ఎవరిది, ఇవన్నీ కాగితం మీద రాయించండి. నోటిమాట తిరుగు ప్రయాణంలో మారిపోద్ది. ఆ కాగితంలో మరో ముక్క తప్పకుండా ఉండాలి: "బస్సు పల్లెలోకి రావాలి."

ఐదు. 26 సీట్ల బండిలో 50 మందిని కుక్కొద్దు. మన ప్రాణాలకి మనమే విలువ ఇవ్వకపోతే ఎవడిస్తాడు? సీట్లకి మించి ఎక్కిస్తే మనిషికి 200 రూపాయల జరిమానా కూడా ఉంది.

ఆరు. పల్లె అని తెలిసి రానంటే వదిలిపెట్టొద్దు. ఏ తారీకున, ఎవరి ముందు, ఏమన్నాడో రాసిపెట్టుకోండి. ప్రజలు తిరిగే వాహనం వాడుకోనీకుండా అడ్డుపడటం 1955 పౌరహక్కుల చట్టం కింద నేరం. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కూడా నేరమే. చట్టం మన చేతిలో ఉంది, దాన్ని వాడాలి.

"డబ్బెక్కడిది మాస్టారూ?" అంటారు. మాట వరసకి బస్సుకి 16,000 అవుతుందనుకుందాం, 40 మంది ఎక్కారనుకుందాం. మనిషికి 400. పన్నెండు నెలలకి పంచితే నెలకి 34 రూపాయలు. పల్లెకో డబ్బా పెట్టండి. లెక్క డ్వాక్రా అక్కల చేతిలో పెట్టండి, మగాళ్ల చేతిలో వద్దు! నెలనెలా లెక్క చదివి వినిపించండి.

1985లో కారంచేడు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన మనవాళ్లు శిబిరం వేసుకుని, న్యాయం కోసం కూర్చున్న ఊరు చీరాల. ఆ చీరాలలో, మన డబ్బుతో, మన పేరు మీద, ఒక బస్సు మాట్లాడుకోలేమా?

ఈసారి బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగకూడదు. పల్లెలోకి రావాలి. అంబేద్కర్ బొమ్మ దగ్గర ఆగాలి. ముందు సీట్లలో ముసలోళ్లు, పిల్లతల్లులు కూర్చోవాలి. తిరిగొచ్చి అక్కడే దిగాలి. ట్రక్కు పంపుతామని ఎవడన్నా అంటే ఒకటే మాట చెప్పండి: "అందులో నీ బస్తాలేసుకో. మేం మనుషులం!"

జై భీమ్!