కాగితం ఫోను

యాప్ తయారుచేసేముందు దాన్ని కాగితంమీద గీసి చూచుకునే పద్ధతి ఒకటున్నది. తెరకొక చీటీ. వాడేవారు బొత్తాం బొమ్మమీద వ్రేలు పెడితే, ఎదుట కూర్చున్నవాడు యంత్రంలాగా, నోరు మెదపకుండా, తరువాతి చీటీ తీసి పెట్టాలి. (మా అధ్యాపకులవల్ల అయ్యే పని కాదు!)

మా కాలేజీ కుర్రవాళ్ళు కరెంటు బిల్లు కట్టే యాప్ యిట్లాగే గీసి మా అత్తగారి ముందు పరచారు. అసలు ఫోనులో దారి తప్పితే, "చదువులేనిదాన్ని, నాకేం తెలుసు నాయనా!" అని తప్పంతా తనమీదే వేసుకునే మనిషి ఆవిడ. కాగితమే గదా, జంకలేదు. "సమర్పించడమేమిటి నాయనా, దేవుడికా? కట్టినట్లు రశీదేదీ?" అని నిలదీశారు. కుర్రవాడు అక్కడికక్కడే 'డబ్బు కట్టు' అని దిద్ది, రశీదుకో చీటీ గీశాడు. ఖర్చు రెండు ఠావుల కాగితం!

1996లో వచ్చిన పామ్ పైలట్ అనే జేబు యంత్రానికి ముందు జెఫ్ హాకిన్స్ ఆ కొలతకు చెక్కముక్క కోసి, జేబులో వేసుకు తిరిగి, దానిమీద వ్రాస్తున్నట్లు నటించేవాడు. అయిదుగురిచేత వాడించి చూస్తే చిక్కుల్లో నూటికి 85 బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లో వ్రాశాడు. అయిదుగురూ మొగమాటస్థులైతే ఏమవుతుందో మరి!

ఎండలో తెర కనబడుతుందా, నొక్కగానే పలుకుతుందా అన్నవి మాత్రం కాగితంమీద తేలవు. వాటికి అసలు ఫోను ఉండవలసిందే.