ఆడిన బంతుల లెక్క

2024 డిసెంబరు 30, సోమవారం. మనం టిఫిన్లు ముగించి ఆఫీసులకు బయల్దేరే వేళకు మెల్‌బోర్న్‌లో టీ విరామం అయింది. భారత్ 3 వికెట్లకు 112. గెలవడానికి కావలసిన 340 ఎలాగూ అందేది కాదు. అయితే లంచ్ తర్వాత జైస్వాల్, పంత్ ఒక్క వికెట్టూ పడనివ్వలేదు. సిరీస్ 1-1తో సమంగా ఉంది. ఇంకొక్క సెషన్ నిలబడితే డ్రా. బస్సులో కూర్చుని ఫోన్లో స్కోరు చూసుకున్నవాళ్లంతా ఇక ఫర్వాలేదనే అనుకుని ఉంటారు. టీ తర్వాత ట్రావిస్ హెడ్ బౌలింగుకు వచ్చాడు. అప్పుడప్పుడు మాత్రమే స్పిన్ వేసేవాడు. అతడి బంతిని స్టాండ్స్‌లోకి పంపబోయి పంత్ బౌండరీ దగ్గర మార్ష్ చేతికి చిక్కాడు. 100కు పైగా బంతులు ఓపికపట్టినవాడు అక్కడ పట్టలేకపోయాడు. ఆ తర్వాత దారం తెగిన పూసల్లా రాలిపోయారు. చివరి 7 వికెట్లు 34 పరుగులకే పడ్డాయి. 155 ఆలౌట్, 184 పరుగుల ఓటమి.

వారం తిరగకముందే సిడ్నీ కూడా పోయింది. 3-1. పదేళ్ల తర్వాత బోర్డర్-గావస్కర్ ట్రోఫీ ఆస్ట్రేలియా చేతికి వెళ్లింది. దాయాది అనగానే పాకిస్థాన్ అంటాం గానీ, వాళ్లతో 2007 తర్వాత టెస్టే ఆడలేదు. ఆ పోరు ఇప్పుడు ఐసీసీ టోర్నీల్లో, ఆసియా కప్‌లో ఒక సాయంత్రం ఆవేశంగానే మిగిలింది. టెస్టు క్రికెట్‌లో మనకు అసలైన దాయాది ఎవరంటే ఆస్ట్రేలియా అనే చెప్పాలి. డిసెంబరు చలిలో తెల్లవారుజామున ఐదింటికి అలారం పెట్టుకుని లేపేది ఆ ఒక్క పోటీయే. కాబట్టి ఆ ఓటమి మీద పెద్ద రచ్చే జరిగింది. సీనియర్లకు వయసైపోయిందన్నారు, కోచ్ తప్పన్నారు, డ్రెస్సింగ్ రూమ్ మాటలు బయటికొస్తున్నాయన్నారు. అన్నింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. నాకు మాత్రం ఆ సిరీస్ స్కోరుకార్డులో పరుగుల గడి కన్నా దాని పక్కనే ఉండే చిన్న గడి ఎక్కువ చెబుతుందనిపిస్తుంది. అది ఎన్ని బంతులు ఆడారన్న గడి.

2018-19లో మనం తొలిసారి ఆస్ట్రేలియా గడ్డమీద సిరీస్ గెలిచాం. ఆ పర్యటనలో పుజారా చేసిన 521 పరుగులు, మూడు సెంచరీలు అందరికీ గుర్తే. అందుకు అతడు ఆడినవి 1258 బంతులు. 200 ఓవర్లకు పైగా ఒక్క మనిషే కాచుకున్నాడు. మధ్యాహ్నం ఎండలో స్టార్క్, కమిన్స్, హేజల్‌వుడ్ మూడో స్పెల్, నాలుగో స్పెల్ వేయాల్సి వచ్చిందంటే అతడి చలవే. మన తెలుగు ప్రేక్షకులు ఇలాంటి ఆటకు ఎప్పుడో పేరు పెట్టేశారు: జిడ్డు. కాస్త విసుగు, కాస్త వెక్కిరింత కలిసిన మాట. మెచ్చుకుంటున్నప్పుడు కూడా ఆ మాటే వాడతాం, కాకపోతే గొంతు మారుతుంది.

జిడ్డు ఏం చేయగలదో అర్థం కావాలంటే 2021 జనవరి 11ను తలచుకోవాలి. సిడ్నీ టెస్టు చివరి రోజు. మొదటి టెస్టులో 36కే కుప్పకూలిన జట్టు. కెప్టెన్ కోహ్లి సెలవు మీద ఇంటికి వెళ్లిపోయాడు, షమీ చెయ్యి విరిగింది, జడేజా బొటనవేలు విరిగింది. పంత్ 97 కొట్టి అవుటయ్యాక వచ్చిన కాకినాడ కుర్రాడు హనుమ విహారి పరుగు తీయబోయి తొడ కండరం పట్టేసి కుంటడం మొదలెట్టాడు. అవతల అశ్విన్ నడుం పట్టేసి వంగలేని స్థితిలో ఉన్నాడు. పరుగులు తీసే దారి లేదు. చేయగలిగింది బంతిని ఆపడం ఒక్కటే. ఆపారు. విహారి 161 బంతుల్లో 23, అశ్విన్ 128 బంతుల్లో 39. ఇద్దరూ అజేయంగా తిరిగొచ్చారు. ఆ మధ్యాహ్నం అప్పటి కేంద్ర సహాయ మంత్రి ఒకరు, 109 బంతులాడి 7 పరుగులేమిటి, క్రికెట్‌ను చంపేశాడని ట్విటర్లో మండిపడ్డారు. పేరు కూడా తప్పుగా రాశారు. విహారి తన పేరును సరిదిద్ది ఊరుకున్నాడు. అక్కడా పొదుపే.

ఆ డ్రాను మనం వీరగాథలా చెప్పుకుని అక్కడితో ఆపేస్తాం. దాని అసలు ఫలితం నాలుగు రోజుల తర్వాత మొదలైన బ్రిస్బేన్ టెస్టులో ఉంది. ఆ సిరీస్‌లో ఆస్ట్రేలియా నాలుగు టెస్టులకూ అదే నలుగురు ప్రధాన బౌలర్లను దింపింది. సిడ్నీ రెండో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా చేత 131 ఓవర్లు వేయించారు మనవాళ్లు. బ్రిస్బేన్‌లోని గాబాలో 328 ఛేదిస్తున్న రోజున స్టార్క్‌కు 75 పరుగులిచ్చినా ఒక్క వికెట్ దక్కలేదు. పుజారా ఒంటిమీద పదిసార్లకు పైగా బంతి తగిలినా కదలక 211 బంతులు ఆడాడు. గిల్ 91, పంత్ 89 నాటౌట్ అక్కడి నుంచి పుట్టినవే. 1988 తర్వాత ఆస్ట్రేలియా ఎవరి చేతిలోనూ ఓడని మైదానంలో మూడు వికెట్ల గెలుపు. గాయంతో విహారి ఆ మ్యాచ్ ఆడనే లేదు. ఆ గెలుపులో అతడి వాటా ఏ స్కోరుకార్డులోనూ కనిపించదు. ఆ తర్వాత అతడి టెస్టు కెరీర్ 2022 జులైలో ఎడ్జ్‌బాస్టన్ దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు 2024-25కు వద్దాం. ఆ సిరీస్‌లో మనం గెలిచిన ఒకే ఒక్క టెస్టు పెర్త్‌ది. అక్కడ రెండో ఇన్నింగ్స్‌లో మనం 130కి పైగా ఓవర్లు ఆడాం. జైస్వాల్ 297 బంతులు, రాహుల్ 176 బంతులు ఆడి తొలి వికెట్‌కు 201 జోడించారు. తర్వాత అడిలైడ్. గులాబీ బంతి, ఫ్లడ్‌లైట్ల వెలుగు, రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి మన బ్యాటింగ్ 81 ఓవర్లు. మూడో రోజు పూర్తిగా గడవకముందే మ్యాచ్ అయిపోయింది. సిడ్నీ రెండో ఇన్నింగ్స్ 40 ఓవర్లు కూడా నిలవలేదు.

బ్యాటర్లు ఆడని బంతుల బాకీ ఎవరో ఒకరు తీర్చాలి కదా. తీర్చింది బుమ్రా. బౌలర్ విశ్రాంతి తీసుకునేది తన జట్టు బ్యాటింగ్ చేస్తున్నప్పుడే. 44 ఓవర్లలో ఇన్నింగ్స్ ముగిస్తే ఆ సాయంత్రమే అతడి చేతికి మళ్లీ కొత్త బంతి ఇవ్వాలి. ఆ సిరీస్‌లో బుమ్రా 150కి పైగా ఓవర్లు వేశాడు, 13 సగటుతో 32 వికెట్లు తీశాడు. మెల్‌బోర్న్ ఒక్క టెస్టులోనే 53 ఓవర్లు. మూడు రోజుల విరామంతో సిడ్నీ. అక్కడ రోహిత్ తనను తాను తప్పించుకోవడంతో కెప్టెన్సీ కూడా అతడి భుజాల మీదే పడింది. పది ఓవర్లు వేశాక నడుం పట్టుకుని స్కానింగ్‌కు వెళ్లాడు. 162 కాపాడుకోవాల్సిన నాలుగో ఇన్నింగ్స్‌లో అతడు బంతి పట్టలేదు. దీన్ని గాయం అని రాయడం తేలిక. ఆ గాయం నెలన్నరగా, ఒక్కో తొందరపాటు షాట్‌తో తయారవుతూ వచ్చింది.

కోహ్లి ఆ సిరీస్‌లో ఎనిమిదిసార్లు అవుటయ్యాడు. ఎనిమిదిసార్లూ ఒకే తీరు: ఆఫ్‌స్టంప్ ఆవల బంతిని కెలికి కీపర్‌కో స్లిప్‌లోనో దొరికిపోవడం. అందులో నాలుగు బోలండ్ ఖాతాలోవి. పెర్త్ సెంచరీ ఉండి కూడా మొత్తం 190 పరుగులు. 2004 జనవరిలో సచిన్ టెండూల్కర్‌ది కూడా సరిగ్గా ఇదే సమస్య. ఆ పర్యటనలో ఆఫ్‌స్టంప్ బయటి బంతులకు చిక్కుతూ వచ్చాడు. సిడ్నీలో కవర్ డ్రైవ్‌ను బీరువాలో పెట్టి తాళం వేసుకుని వచ్చినట్టు ఆడాడు. 436 బంతులు, 241 నాటౌట్. అవతలి వైపు నుంచి మన లక్ష్మణ్ 178తో కళ్లకు పండగ చేస్తుంటే, సచిన్ తనకు ఎంతో ఇష్టమైన షాట్‌ను ఒక్కసారి కూడా ఆడకుండా పది గంటలు గడిపాడు. అంతటివాడే మానుకోగలిగాడు.

మరి హెడ్ సంగతేమిటని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అడిలైడ్‌లో 141 బంతుల్లో 140, బ్రిస్బేన్‌లో 160 బంతుల్లో 152. సిరీస్‌ను మన చేతుల్లోంచి లాక్కున్నది అతడి దూకుడే. కానీ అడిలైడ్‌లో హెడ్‌కు ముందు దిగిన మెక్‌స్వీనీ 109 బంతులు ఆడి 39, లబుషేన్ 126 బంతులు ఆడి 64 చేశారు. గులాబీ బంతి మెరుపు వాళ్ల మీదే అరిగిపోయింది, బుమ్రా కాళ్లు కూడా. హెడ్ వచ్చేసరికి పొయ్యి రాజుకుని ఉంది, గిన్నె పెట్టడమే మిగిలింది. విడ్డూరమేమిటంటే ఆ మెక్‌స్వీనీని మూడు టెస్టులవగానే పక్కన పెట్టారు. జిడ్డుకు అక్కడా పెద్ద గౌరవం లేదన్నమాట.

టీ20 ఆడే కుర్రాళ్లకు ఓపిక లేదని, ఐపీఎల్ చెడగొట్టిందని అనడం నాకు నచ్చదు. మెల్‌బోర్న్ మూడో రోజు చూసినవాళ్లెవరూ అలా అనలేరు. 221కి 7 వికెట్లు, ఫాలోఆన్ తప్పాలంటే ఇంకా 54 కావాలి. క్రీజులో ఉన్నది విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, వచ్చింది వాషింగ్టన్ సుందర్. ఇద్దరూ ఐపీఎల్‌తోనే జనానికి తెలిసినవాళ్లు. సుందర్ 162 బంతులు ఆడి 50 చేశాడు, అందులో ఫోర్ ఒకే ఒక్కటి. ఇద్దరూ కలిసి 127 జోడించారు. అర్ధసెంచరీ అవగానే నితీశ్ బ్యాట్‌ను గడ్డం కింద పుష్పలా తిప్పితే ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఈల వేశారు. కానీ ఆ ఇన్నింగ్స్‌లో నాకు గుర్తుండిపోయిన ఘట్టం వేరే. నితీశ్ 99 మీద నాన్‌స్ట్రైకర్ వైపు ఉండగా బుమ్రా డకౌటయ్యాడు. పదకొండో నంబరు సిరాజ్ వచ్చాడు. ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి, బౌలర్ కమిన్స్. స్టాండ్స్‌లో నితీశ్ తండ్రి చేతులు జోడించి ఉన్నాడు. కొడుకు క్రికెట్ కోసం బదిలీ వద్దనుకుని ఉద్యోగమే వదిలేసుకున్న మనిషి. హైదరాబాదీ ఆ మూడింటినీ అడ్డుకున్నాడు. ఒక్కో బంతికీ మైదానం హోరెత్తింది. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతికి నితీశ్ ఫోర్ కొట్టాడు. ఆ సెంచరీ వెనక ఉన్నవి సిరాజ్ సున్నా పరుగులకు ఆడిన ఆ మూడు బంతులు.

అంటే నేర్పితే, అడిగితే, విలువిస్తే ఈ తరమూ ఆడుతుంది. లోపం అడగడంలో ఉంది. ఆ పర్యటనలో పెర్త్‌కు ముందు భారత్-ఎ జట్టుతో అనుకున్న మ్యాచ్‌ను రద్దు చేసుకుని తమలో తామే సాధన చేసుకున్నారు. కాన్‌బెర్రాలో ప్రధానమంత్రి ఎలెవన్‌తో పెట్టిన రెండు రోజుల మ్యాచ్‌లో మొదటి రోజు వానకు పోతే, రెండో రోజు దాన్ని పరిమిత ఓవర్ల ఆటగా మార్చేశారు. అంటే టెస్టులకు ముందు గానీ, మధ్యలో గానీ రెండు సెషన్లు వరుసగా నిలబడే అలవాటు చేసుకోవడానికి ఎక్కడా చోటే లేదు. ఆ మాటకొస్తే నితీశ్ ఆ పర్యటనలో అక్కరకొచ్చాడంటే, అంతకుముందే భారత్-ఎ తరఫున ఆస్ట్రేలియాలో ఆడి ఉండటం చిన్న విషయం కాదు. 2021లో గాబాలో 5 వికెట్లు తీసిన సిరాజ్ వచ్చింది కూడా ఎ జట్టు దారిలోనే.

ఓటమి తర్వాత బోర్డు 10 సూత్రాల నియమావళి తెచ్చింది. కుటుంబాలు ఎన్నాళ్లు ఉండాలి, సామాను ఎన్ని కిలోలుండాలి అన్నవి అందులో ఉన్నాయి. దేశవాళీ ఆడాలన్న నిబంధన మంచిదే. కోహ్లి, రోహిత్ రంజీలకు వెళ్లారు కూడా. నాలుగు నెలలు తిరక్కుండానే ఇద్దరూ టెస్టులకు సెలవు చెప్పేశారు. ఆ సిరీస్ జరుగుతున్నప్పుడు వ్యాఖ్యాతల గదిలో కూర్చున్న పుజారా 2025 ఆగస్టులో ఆట మానేశాడు. సూత్రాల్లో ఇంకొకటి చేర్చి ఉండాల్సింది: విదేశీ పర్యటనకు ముందు కనీసం రెండు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, సీనియర్లు సహా అందరూ ఆడి తీరాలని. ఎంపిక సమావేశంలో స్ట్రైక్‌రేట్ చూసేవాళ్లు ఒక్కో ఇన్నింగ్స్‌కు ఎన్ని బంతులు ఆడాడన్న అంకె కూడా ముందు పెట్టుకోవాలని.

మెల్‌బోర్న్‌లో ఆ సోమవారం చివరి వికెట్ పడినప్పుడు ఇంకా దాదాపు 13 ఓవర్ల ఆట మిగిలి ఉంది. డెబ్బై పైచిలుకు బంతులు. సిడ్నీలో కుంటికాలితో విహారి ఒక్కడే ఆడినవాటిలో సగం కూడా కావు.