తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

స్త్రీలకు కుట్టుపని నేర్పడానికి గ్రాంటు కింద ఆరు మిషన్లు వచ్చిన ఒక కేంద్రంలో నేను కొన్నాళ్లు పనిచేశాను. తనిఖీ ఉందంటే ముందురోజు వాటి దుమ్ము దులిపి వరసగా పెట్టేవాళ్లం. అధికారి లెక్క చూసి వెళ్లగానే గదికి మళ్లీ తాళం పడేది. ఒక మిషను ఇంటికి తీసుకెళ్లి నాలుగు జాకెట్లు కుట్టి చెయ్యి తిప్పుకుంటానని ఒకామె అడిగితే, "ప్రభుత్వ ఆస్తమ్మా, పాడైతే జవాబెవరు చెప్తారు?" అన్నారు. అదే ఏడాది రెండు మిషన్లు నిర్వాహకుల బంధువుల దుకాణంలో తేలాయి. స్టాకు రిజిస్టరులో మాత్రం ఆరూ ఉన్నాయి. ఆ పేజీలో నా సంతకమూ ఉంది. అందుకే ఈ విమర్శ నాతోనే మొదలుపెడుతున్నాను.

గ్రాంటు డబ్బుతో కొన్న వస్తువుని సంస్థ ఇష్టం వచ్చినట్టు అమ్ముకోవడానికి వీల్లేదు. పద్ధతి ప్రకారం పనికిరానివని తేల్చినవి తప్ప మిగతావేవీ, గ్రాంటు మంజూరు చేసిన అధికారి ముందస్తు అనుమతి లేకుండా వదిలించుకోకూడదని కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) చెప్తున్నాయి. మంచి నియమమే. కానీ అందులో కనిపించేది ఇద్దరే: ఇచ్చే ప్రభుత్వం, పుచ్చుకునే సంస్థ. ఎవరి పేరు చెప్పి ఆ డబ్బు తెచ్చామో ఆ స్త్రీ ఎక్కడ?

"మన లోపాలు మనమే బయటపెట్టుకుంటే గిట్టనివాళ్లకి సందు దొరుకుతుంది, గ్రాంట్లు ఆగిపోతాయి" అంటారు కొందరు మిత్రులు. ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ ఇంటి ఆస్తి లెక్క ఆడదానికెందుకనే పెత్తనాన్ని ప్రశ్నించినవాళ్లం కదా మనం! అదే పెత్తనం సంస్థ పేరుతో సాగితే ఊరుకుందామా? ఉపాధి హామీ పనులను గ్రామసభే తనిఖీ చెయ్యాలని 2005 చట్టం చెప్పింది. ప్రభుత్వ నిధులే ప్రధాన ఆధారంగా నడిచే స్వచ్ఛంద సంస్థలు కూడా సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎవరో దరఖాస్తు పెట్టి అడిగేదాకా ఆగడం మనకి గౌరవం కాదు.

నేనడిగేది పెద్ద సంస్కరణేం కాదు. గ్రాంటు వస్తువుల జాబితా తెలుగులో గోడమీద రాయండి. ఏటా లెక్క చూసేటప్పుడు ఆ స్త్రీల ఎదుటే చూడండి, చదవలేనివాళ్లకి చదివి వినిపించండి. పథకం ముగిస్తే ఆ వస్తువులు వాళ్ల సంఘానికే ఇవ్వమని ప్రభుత్వానికి రాతపూర్వకంగా రాయండి. ఒక తాళంచెవి వాళ్ల దగ్గర ఉంచండి.

అప్పటిదాకా, కళ్లతో చూడని మిషనుకి నేను సంతకం పెట్టను. మీరూ పెట్టకండి.